ముప్పై రెండేళ్లు పక్కనుంచి విన్న నాటకం, ఈ ఏడాది ఎదురుగా కూర్చుని చూశాను

ఏడాదంతా సినిమాలు, సిరీస్‌లు, రీల్స్ చూస్తూనే ఉన్నానని, సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఒక్కటీ గట్టిగా గుర్తు రాలేదని మీరు రాశారు. నాటకాలు, హరికథలు లాంటివాటితో పరిచయం ఉన్నవాళ్లు తమ ఏడాది ఎలా గడిచిందో, కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. నాకు తెలిసింది చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

తెనాలి, పొన్నూరు, రేపల్లె వైపు పద్యనాటకాలకి ముప్పై రెండేళ్లు హార్మోనియం వాయించాను. పగలు గుమాస్తా ఉద్యోగం, రాత్రి నాటకం. కాళ్లతో తిత్తి తొక్కుతూ రెండు చేతులతో వాయించే పెద్ద హార్మోనియం మాది. పోయిన సంక్రాంతికి ముందు ఎడమ మోకాలు పూర్తిగా పట్టేసింది. ఇక తొక్కడం కుదరదన్నారు డాక్టరు గారు. ఆ రోజు ఇంటికొచ్చి పెట్టె మీద దుప్పటి కప్పి, చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాను.

వారం రోజులు చూసి మా ఆవిడ ఒక మాట అంది. "ముప్పై ఏళ్లు అందరికీ వాయించారు. ఈ ఒక్క ఏడాదీ ఎదురుగా కూర్చుని చూడండి. నేనూ వస్తాను." ఆమె అన్నేళ్లలో నాతో నాటకానికి వచ్చింది రెండో మూడో సార్లు. పిల్లల బడి, అత్తగారి మందులు, తెల్లవారుజామున నేనొచ్చేసరికి వేన్నీళ్లు. ఆమె రాత్రులన్నీ వాటితోనే పోయాయి. కాబట్టి ఇప్పుడు మీకు చెబుతున్నది మా ఇద్దరి ఏడాది.

హార్మోనియం వాయించేవాడికి నాటకం ఎలా కనిపిస్తుందో ముందు చెప్పాలి. స్టేజీకి ఒక పక్కన, నటుడికి నాలుగడుగుల దూరంలో కూర్చుంటాం. మేం చూసేది నటుడి గొంతు. పద్యం ఎత్తుకునే ముందు మెడ మీద నరం ఒక్కసారి బిగుస్తుంది. అది చూసి మెట్టు మీద వేలు సిద్ధంగా పెట్టుకుంటాం. ఎవరికి ఏ శ్రుతి, అంటే ఏ మెట్టు నుంచి పాడతారు అన్నది నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఒకరికి నాలుగు, ఇంకొకరికి నాలుగున్నర, జలుబు చేసిన రోజు అరమెట్టు దించాలి. మా వైపు కురుక్షేత్రం నాటకంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు. ఒకటో కృష్ణుడు, పడుకుని ఉండగా అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే పడకసీనుకి, రెండో కృష్ణుడు కౌరవసభకి వెళ్లే రాయబారానికి, ఇలా. నటుల్ని కుదిర్చే కాంట్రాక్టరు ఎవరిని పిలిచాడో స్టేజీ ఎక్కేదాకా మాకు తెలిసేది కాదు. కృష్ణుడు మారితే శ్రుతి మారుతుంది. ఆ టెన్షన్‌లో కథ చూసే తీరిక ఎక్కడిది?

శివరాత్రికి మొదలుపెట్టాం. మా వైపు శివరాత్రంటే కోటప్పకొండ ప్రభలు, ఊరి గుళ్ల దగ్గర జాగారం, తెల్లవార్లూ నాటకం. రేపల్లె దగ్గర ఒక ఊళ్లో గుడి ముందు పట్టాలు పరిచారు. మేమిద్దరం దుప్పటి, ఫ్లాస్కు పట్టుకుని తొమ్మిదింటికే వెళ్లి కూర్చున్నాం. నాటకం పదకొండు దాటాక గానీ మొదలవలేదు. తిరుపతి వేంకట కవులనే జంటకవులు రాసిన రాయబారం సీను వచ్చేసరికి రెండున్నర.

ధర్మరాజు కోపం ఎరగనివాడు, ఆయనే అలిగిన నాడు కర్ణులు పదివేల మంది ఉన్నా యుద్ధంలో నిలవరు అని కృష్ణుడు నిండుసభలో దుర్యోధనుడితో చెప్పే పద్యం ఉంది కదా, మీరూ ఎక్కడో ఒక చోట వినే ఉంటారు. చంపకమాల అది. పాదానికి 21 అక్షరాలు, పదకొండో అక్షరం దగ్గర యతి. ఆ పద్యానికి నేను కొన్ని వందల సార్లు వాయించాను. ఎక్కడ ఊపిరి తీస్తారో, ఎక్కడ రాగం లాగుతారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రాత్రి కుర్రాడొకడు కృష్ణుడు. ఆలాపన పెద్దగా తీయలేదు, మాట మాట విడివిడిగా వినిపించేలా పద్యం చెప్పాడు. జనం వన్స్ మోర్ అన్నారు. ఒకాయన స్టేజీ ఎక్కి నోటు గుచ్చాడు. మైకులో ఆయన పేరు చదివారు. కుర్రాడు మళ్లీ ఎత్తుకున్నాడు.

అప్పుడు మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, "కర్ణుణ్ణి చూడండి" అంది.

కర్ణుడు అటు చివర కుర్చీలో ఉన్నాడు. తన పేరు వచ్చేచోట తల ఎత్తలేదు. తొడ మీద పెట్టుకున్న కుడిచెయ్యి మెల్లగా ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంది. అంతే. డైలాగు లేదు, మైకు లేదు, వెలుతురు కూడా అటు సరిగా పడటం లేదు. ముప్పై రెండేళ్లలో ఆ సీనులో కర్ణుడు ఉంటాడన్న సంగతే నేను పట్టించుకోలేదు. నేను కూర్చునే చోటునుంచి అతను కనిపించడు, కృష్ణుడి పీతాంబరం అడ్డం. ఎందరు నటులు ఆ కుర్చీలో ఎన్ని రాత్రులు అలా చెయ్యి ముడిచి ఉంటారో! ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు నాకు.

ఏడాది మొత్తంలో ఏది మిగిలిందని అడిగితే మొదట ఇదే చెబుతాను.

నెల తిరక్కుండానే కొమురవెల్లి వెళ్లాం. మా పెద్దమ్మాయిని సిద్దిపేట వైపు ఇచ్చాం. వియ్యంకుల ఇంటి దేవుడు కొమురవెల్లి మల్లన్న. సంక్రాంతి నుంచి ఉగాది దాకా అక్కడ ఆదివారం ఆదివారం జాతర. ఒగ్గుకథ వినడం నాకదే మొదటిసారి. ఒగ్గు అంటే చేతిలో పట్టే చిన్న డమరుకం, కథకి ఆ పేరు దాన్నిబట్టే వచ్చింది. పక్కన డోలు, తాళాలు. నేల మీద రంగుల పొడులతో పట్నం అనే పెద్ద ముగ్గు వేశారు. మల్లన్న మేడలమ్మని, కేతమ్మని పెళ్లాడిన కథ చెబుతున్నారు. ఒక్క మనిషే ఒక నిమిషం మల్లన్న, మరు నిమిషం పైబట్ట తల మీదికి లాక్కుంటే ఆడపిల్ల. మా పద్యనాటకంలో కిరీటం, రంగు, వెల్వెట్ బట్ట అన్నీ అయితే గానీ పాత్ర రాదు. ఇక్కడ భుజం మీది బట్ట జరిగితే చాలు, పాత్ర వచ్చేసింది. కొన్ని మాటలు నాకు మొదట అందలేదు. మా వియ్యపురాలు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చెప్పారు. ఆవిడ చిన్నప్పటి నుంచి విన్న కథ. కథకుడు ఒక మాట మింగితే ఆవిడ పెదాలు దాన్ని పూర్తి చేస్తున్నాయి. డోలు దెబ్బ ఛాతీలో తగిలే దూరంలో కూర్చోవాలి దానికి. ఫోనులో రికార్డు చేసుకొచ్చి తర్వాత విన్నాను, అందులో ఏమీ లేదు.

శ్రీరామనవమి పందిట్లో హరికథ. ఇది మా పేట గుడిలోనే, నడిచి వెళ్లేంత దూరం. జనం నలభై మంది ఉంటారేమో, అందులో పది మంది నిద్రపోతున్న పిల్లలు. కథ చెప్పింది ఒక భాగవతారిణి, యాభై ఏళ్ల పైమాటే. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు, వెనక వయొలిన్, మృదంగం. హరికథ అనగానే మావాళ్లు విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారి పేరు చెబుతారు. 1864లో పుట్టి 1945లో పోయిన ఆ మహానుభావుడు పాట, ఆట, మాట, పాండిత్యం ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయో చూపించి వెళ్లారని మా గురువు గారు చెప్పేవారు. మాకు అంత పెద్ద కొలత అక్కర్లేదు. ఈవిడ కథ నడిపిన తీరు చాలు.

సీత అశోకవనంలో ఉన్న ఘట్టం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మైకు చచ్చిపోయింది, పందిరంతా చీకటి. ఎవరో సెల్‌ఫోను లైటు వేయబోతే ఆవిడ చెయ్యి ఎత్తి వద్దన్నారు. వేదిక మీద రెండు దీపపు కుందులు వెలుగుతున్నాయి. ఆవిడ మెట్లు దిగి జనం మధ్యకి వచ్చారు. గజ్జెల చప్పుడు మనవైపే వస్తుంటే తెలుస్తోంది. గొంతు తగ్గించి, పక్కింటి పిల్ల కష్టం చెప్పుకున్నట్టు సీత మాటలు చెప్పారు. వయొలిన్ ఆయన విల్లు ఆపేశారు. మృదంగం కూడా లేదు. ఒక ముసలావిడ "అయ్యో తల్లీ" అని పైకే అనేసింది. పది నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది. మైకు గుయ్యిమంది, అందరం ఒక్కసారి ఉలిక్కిపడ్డాం. ఆ పది నిమిషాలూ ఆవిడ చేసింది ఎవరూ నేర్పే విద్య కాదు. వేల పందిళ్లలో కథ చెబితే వస్తుంది.

వేసవిలో హైదరాబాదులో చిన్నమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మనవణ్ణి సురభి నాటకానికి తీసుకెళ్లాను. వాడికి ఎనిమిదేళ్లు. సురభి గురించి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్లుగా మనం జాగ్రత్తగా కాపాడుకోవలసిన సంగతి ఇది. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్లో వనారస గోవిందరావు గారు కీచకవధ నాటకంతో మొదలుపెట్టారు. ఊరి పేరే సమాజానికి పేరైంది. ఇంట్లో మరాఠీ మూలాలున్న మాట, స్టేజీ మీద తెలుగు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయడం వాళ్లకి మొదటి నుంచీ ఉన్న పద్ధతి. కుటుంబానికి కుటుంబమే నాటకం. నడక వచ్చేలోపే పిల్లలు స్టేజీ మీదికొస్తారు, తాత రంగు వేసుకుంటూ ఉంటాడు, అమ్మ తెర వెనక తాడు పట్టుకుని ఉంటుంది. వాళ్లలో ఆర్. నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అంటారు, 2013లో పద్మశ్రీ వచ్చింది.

మేం చూసింది మాయాబజార్. బట్ట మీద రంగులతో వేసిన తెర తాళ్ల మీద పైకి చుట్టుకుపోతుంది, దాని వెనక ఇంకో లోకం. అడవి పోయి అంతఃపురం వస్తుంది. బాణాలు ఎదురెదురుగా వెళ్లి గాల్లో కొట్టుకుని నిప్పులు రాలుతాయి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతట అవే వెళ్తాయి. మూడో బాణం వెళ్లేటప్పుడు మనవడు నా చెవిలో, "తాతయ్యా, తీగ కనిపించింది" అన్నాడు. నా గుండె జారింది. పొద్దస్తమానం ఫోనులో గ్రాఫిక్సు చూసే పిల్లాడు, ఇక ఆవులిస్తాడనుకున్నాను. వాడు తీగ మీదినుంచి కళ్లు తిప్పలేదు. "లాగేవాళ్లు ఎక్కడున్నారు? ఇద్దరూ ఒకేసారి ఎలా లాగుతున్నారు?" అని అడుగుతూ కుర్చీ అంచుకి వచ్చేశాడు. బాణాలు కలిసి నిప్పు రాలగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం కోళ్లకి దారం కట్టి అగ్గిపుల్లలు పరిగెత్తించాడు. తీగ ఉందని తెలిసినా ఆనందం తగ్గలేదు. తీగ లాగే చెయ్యి ఒకటి ఉందని తెలిశాక వాడికి ఆనందం రెట్టింపైంది.

ఆ వారంలోనే వాడికి 1957 నాటి మాయాబజార్ సినిమా వేసి చూపించాం. వాడు సినిమాలో కూడా తీగ ఎక్కడుందో వెతికాడు. రెండున్నర గంటల పైన సినిమా, మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. థియేటరుకి వెళ్లి కొత్త సినిమాలు నాలుగు చూశాం. రెండు బాగున్నాయి, ఒకటి చప్పుడెక్కువై మధ్యలో బయటికి వచ్చేశాం, నాలుగోది పేరు కూడా నోటుబుక్కులో చూస్తే గానీ గుర్తు రాలేదు. వానాకాలంలో రేడియో నాటకాలు విన్నాను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైన దగ్గర్నుంచి మా ఇళ్లలో రేడియో ఒక మనిషి. కళ్లు మూసుకుని గొంతులు మాత్రమే వినడం నా పాత పనికి దగ్గరగా ఉంటుంది, అందుకే నాకు అంత ఇష్టం. తోలుబొమ్మలాట కోసం ధర్మవరం దగ్గర నిమ్మలకుంట దాకా వెళ్లాం. ఆట చూడటం కుదరలేదు. మేకతోలు మీద ఉలితో చిల్లులు కొట్టి రంగులు వేయడం గంటసేపు చూశాం. ఎక్కువగా అమ్ముడుపోయేవి లైటు బుట్టలూ గోడకి పెట్టుకునే బొమ్మలూనట. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు కొట్టుకుంటూ తిట్టుకుంటూ తెర మీద ఆడితే ఊరంతా నవ్విన రోజులు నా చిన్నతనంలో ఉన్నాయి. ఆ ఆట వచ్చే ఏడాదైనా చూడాలి.

శీతాకాలంలో ఒక నాటక పరిషత్తు పోటీలకి వెళ్లాను. సాంఘిక నాటికలు, ఒక్కోటి గంట. నాటికలు మంచివే. కానీ హాల్లో ముందు నాలుగు వరుసలు దాటితే మాట వినపడదు. నిర్వాహకుల్ని అడిగితే ఏటా ఇంతే అన్నారు. మూడు నెలలు రిహార్సల్ చేసి, సొంత డబ్బుతో బస్సెక్కి వచ్చిన నటుల మాట చివరి వరుసకి అందకపోతే ఎలా? బాధ కలిగింది, చెప్పాల్సిన చోట చెప్పి వచ్చాను. ఇంకో బాధ కూడా ఉంది. చాలాచోట్ల పెట్టె, తబలా పోయి కీబోర్డు, ప్యాడ్లు వచ్చాయి. వాయించే పిల్లల తప్పు కాదు, వాళ్లకీ బతుకు కావాలి. అయితే నటుడు ఊపిరి ఆపితే పక్కవాద్యం కూడా ఆగాలి. ఆ కుర్రాళ్లలో ఒకరిద్దరికి నటుడి మెడ చూసి వాయించమని చెప్పాను. ఒకబ్బాయి ఇంటికొచ్చి నా నోటుబుక్కు జిరాక్స్ తీసుకెళ్లాడు. ఆ రోజు చాలా సంతోషపడ్డాను.

ఇప్పుడు మీ ప్రశ్నలో అసలు సంగతి, మీకు ఎందుకు గుర్తుండటం లేదు అన్నది. మీరు ఎక్కువ చూశారని కాదు, చూసినదాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదేమో అనిపిస్తోంది. శివరాత్రి నాటకం అయిపోయాక బస్సులో కర్ణుడి చెయ్యి గురించి మేమిద్దరం ఇంటిదాకా మాట్లాడుకున్నాం. కొమురవెల్లి గుర్తుందంటే వియ్యపురాలు చెప్పిన మాటల వల్ల. సురభి గుర్తుందంటే మనవడి దారాల వల్ల. నాలుగో సినిమా చూసి వచ్చాక ఇద్దరం ఏమీ అనుకోలేదు, అది పోయింది. కాబట్టి ఒక్కరే వెళ్లకండి. అమ్మనో, అమ్మమ్మనో, స్నేహితుణ్ణో వెంట తీసుకెళ్లండి. మా ఆవిడ చూపించినట్టు, మీరు చూడనిది పక్కవాళ్లు చూస్తారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా, మీరు హైదరాబాదులో ఉంటే సురభితోనే. తెర లేచాక ఏమీ తెలియకపోయినా పట్టుకుంటుంది. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, ఆ రోజు తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతారు. ఆ రోజుల్లో రవీంద్రభారతి వైపు ఒక కన్ను వేసి ఉంచండి. ఊరికి వస్తే హరికథకి వెళ్లండి, దానికి కూడా ముందు ఏమీ చదవక్కర్లేదు, కథ మీకు తెలిసిందే, చెప్పే మనిషిని చూడండి.

పద్యనాటకానికి మాత్రం కొంచెం తయారై వెళ్లాలి. నాలుగైదు పద్యాలకి ముందే అర్థం తెలుసుకోండి. గంట పని. అర్థం తెలియకపోతే అది మీకు ఒట్టి కూనిరాగంలా ఉంటుంది, తెలిస్తే నటుడు ఏ మాట మీద ఆగాడో, ఎందుకు ఆగాడో పట్టుకుంటారు. హరిశ్చంద్ర కాటిసీను దొరికితే వదలకండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, ఆ సీనులో జనం కన్నీళ్లు పెట్టుకునే పద్యాలు కొన్ని కవి గుర్రం జాషువా గారివి. నటులే తెచ్చి కలుపుకున్నారు, జనం వాటిని వదల్లేదు. మొదటిసారే తెల్లవార్లూ కూర్చోవాలని పెట్టుకోవద్దు. ఒక్క సీను చాలు. ఏ సీను ఎన్నింటికో గ్రీన్‌రూమ్ దగ్గర అడిగితే చెబుతారు, ఎవరూ విసుక్కోరు. చూడటానికి వచ్చిన కుర్రవాళ్లంటే వాళ్లకి ఎంత ముచ్చటో మీకు తెలియదు.

ఫోను జేబులో పెట్టుకోండి. చిన్న పుస్తకంలో ఇంటికొచ్చాక రెండు లైన్లు రాయండి. ఏ ఊరు, ఎవరితో వెళ్లారు, ఏం చూశారు. నేను నటుల శ్రుతులు రాసుకున్న పుస్తకంలోనే వెనక పేజీల నుంచి ఇవన్నీ రాస్తున్నాను.

ఈ శివరాత్రికి మళ్లీ వెళ్తున్నాం. మీరు మీ ఊళ్లో వెళ్తే, రాయబారం సీను మొదలవగానే కర్ణుడి కుర్చీ ఏ వైపు వేశారో ముందు చూసుకోండి. అటు చూపు ఆనేచోట కూర్చోండి.